పార్కింగ్‌లో కెమెరాలు, గేటు: ఏళ్ల తరబడి తేలిగ్గా చూసుకునేలా డిజైన్ చేసుకోవడం ఎలా? విజయవాడ అపార్ట్‌మెంట్లు, కాంప్లెక్సుల కోసం సమగ్ర మార్గదర్శి

అసోసియేషన్ వాళ్లు, కాంప్లెక్స్ ఓనర్లు ఎక్కువగా అడిగేది ‘ఏ కంపెనీ కెమెరా మంచిది?’ అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఆ కెమెరా చెడిపోయిన రోజున ఎవరొస్తారు, నిచ్చెన ఎక్కడ వేస్తారు, ఎంతసేపట్లో మారుస్తారు? దీనికి జవాబు లేకుండా బిగించిన సిస్టమ్‌లో రెండేళ్లకే సగం కెమెరాలు నల్లగా కనిపిస్తాయి. వాటిని బాగుచేయించడం ఎవరికీ పట్టదు, ఎందుకంటే పని కష్టం.

కింద చెప్పిందంతా ఒక మామూలు ఉదాహరణ మీద నడుస్తుంది: ఒక సెల్లార్, ముందు కొంత ఖాళీ స్థలం, ఒక గేటు, 12 కెమెరాలు. మీది ఇంకా పెద్దదైతే లెక్కలు పెంచుకోండి, క్రమం మాత్రం ఇదే.

1. ప్లాన్ గీయకముందు రెండుసార్లు తిరగండి

ఒకసారి సాయంత్రం నాలుగు, అయిదు గంటల మధ్య, మరోసారి రాత్రి తొమ్మిది దాటాక. రెండుసార్లూ వాచ్‌మన్‌ను వెంట పెట్టుకోండి. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, బైకుల్లో పెట్రోల్ ఏ మూలన పోతుందో, ఏ లైటు ఎప్పుడూ వెలగదో అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు. తిరిగేటప్పుడు రాసుకోవాల్సినవి:

- గోడ మీద వాన నీటి మరకలు ఎంత ఎత్తు వరకు ఉన్నాయి
- పడమటి ఎండ నేరుగా ఏ వైపుకు కొడుతుంది
- ఏ స్తంభాల దగ్గర ఎప్పుడూ కారు నిలవదు
- మీటర్ బోర్డు, జనరేటర్, లిఫ్ట్ ప్యానెల్ ఎక్కడున్నాయి
- పందికొక్కుల బొరియలు, పెరిగే చెట్ల కొమ్మలు

చెట్టును ఇవాళ ఉన్న ఎత్తులో చూసి వదిలేయకండి. గానుగ, వేప లాంటివి ఒక్క వానాకాలంలో కెమెరా ముందుకు వచ్చేస్తాయి.

2. ఒక్కో కెమెరాకు ఒక్కటే పని

కాగితం మీద ప్రతి కెమెరా పక్కన ఒక వాక్యం రాయండి. ‘లోపలికొచ్చే బండి నంబర్ ప్లేటు’, ‘లిఫ్ట్ దగ్గర మనిషి ముఖం’, ‘బైకుల వరుస’. ఒకే కెమెరా నంబర్ ప్లేటూ చూడాలి, గేటంతా చూడాలి, రోడ్డూ చూడాలి అంటే మూడూ సరిగ్గా రావు.

తెలియని మనిషి ముఖం గుర్తుపట్టాలంటే చిత్రంలో మీటరు వెడల్పుకు సుమారు 250 పిక్సెళ్లు పడాలి. 4 మెగాపిక్సెల్ కెమెరా వెడల్పు 2560 పిక్సెళ్లు. అంటే అది చూసే వెడల్పు 10 మీటర్లు దాటకూడదు. అమ్మేవాళ్లు ‘30 మీటర్ల దూరం కనిపిస్తుంది’ అంటారు. కనిపించడం వేరు, గుర్తుపట్టడం వేరు.

నంబర్ ప్లేటు కెమెరాను విడిగా, జూమ్ సర్దుకునే లెన్స్‌తో పెట్టండి. బండి వచ్చే దారికి 30 డిగ్రీలకు మించి పక్కకు తిరగకూడదు. రాత్రి హెడ్‌లైట్ల వెలుగులో ప్లేటు తెల్లగా కొట్టుకుపోకుండా షటర్ వేగాన్ని సెకనులో 500వ వంతు, అంతకంటే తక్కువకు పెట్టించండి. అప్పుడు మిగతా దృశ్యం చీకటిగా వస్తుంది. రానివ్వండి, దాని పని ప్లేటే.

3. నిచ్చెన పడే చోటే కెమెరా

డిజైన్ అంతటిలో నేను పట్టుబట్టేది ఈ ఒక్క విషయం మీదే. సెల్లార్‌లో కెమెరాను సరిగ్గా ఒక ఫ్లాట్ కారు నిలిపే చోటుకు పైన బిగిస్తారు. ఆ కారు ఓనరు హైదరాబాద్ వెళ్లి వారమైతే వారమంతా దాన్ని తుడవడం కూడా కుదరదు. కెమెరా, దాని జంక్షన్ బాక్సు రెండూ నడిచే దారి పైన గానీ, దారి పక్క స్తంభానికి గానీ ఉండాలి.

ఎత్తు 2.5 నుంచి 3 మీటర్లు చాలు. మామూలు అల్యూమినియం నిచ్చెన అందుతుంది, దారిన పోయేవాళ్ల చెయ్యి అందదు. సెల్లార్ కప్పు అంతకంటే తక్కువ ఉంటే దెబ్బ తట్టుకునే ఐకే10 రేటింగ్ కెమెరా తీసుకోండి.

ఖాళీ స్థలంలో స్తంభం వేయక తప్పకపోతే, అడుగున కీలు ఉండి కిందికి వంచుకునే రకం చేయించండి. ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ చేసేవాళ్లకు బొమ్మ గీసి ఇస్తే చేస్తారు. మామూలు స్తంభం కంటే ఖర్చు ఎక్కువే, కానీ ప్రతిసారీ పెద్ద నిచ్చెన, ఇద్దరు మనుషులు అద్దెకు తెచ్చుకునే బాధ తప్పుతుంది.

నల్లరేగడి నేల ఉన్నచోట స్తంభం పునాది లోతుగా వేయించాలి. ఆ నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. పైపైన వేసిన పునాది రెండేళ్లలో ఒరిగిపోయి కెమెరా పక్కింటి గోడను చూస్తుంటుంది.

గుండ్రటి అద్దం డోమ్ ఉన్న కెమెరాలు సెల్లార్‌కు వద్దని నా సలహా. అద్దం మీద దుమ్ము పేరుకుంటే రాత్రిపూట కెమెరా సొంత ఇన్‌ఫ్రారెడ్ వెలుగు దాని మీదే పడి వెనక్కి కొట్టి, చిత్రమంతా పాలలా మసకగా వస్తుంది. బుల్లెట్ (పొడవాటి గొట్టం ఆకారం), టరెట్ (డోమ్ అద్దం లేని గుండ్రటిది) రకాలు తుడవడం తేలిక. బయట పెట్టేవాటికి దుమ్ము, నీళ్లు చొరబడవని చెప్పే ఐపీ రేటింగ్ 66కు తక్కువ కాకూడదు. రోహిణి కార్తె ఎండను దృష్టిలో పెట్టుకుని 60 డిగ్రీల వరకు పనిచేస్తుందని రాసున్నవే తీసుకోండి. గాలి వేడి 45 అయితే ఎండలో ఉన్న డబ్బా లోపల అంతకంటే చాలా ఎక్కువ.

4. రికార్డర్ సెల్లార్‌లో వద్దు

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు సెల్లార్లే కాదు, కింది అంతస్తులు కూడా మునిగాయి. రికార్డర్ (కెమెరాల చిత్రాలు దాచే పెట్టె), స్విచ్ (కెమెరా కేబుళ్లన్నీ కలిసే పెట్టె), యూపీఎస్ మొదటి అంతస్తులో గానీ ఆపైన గానీ ఉండాలి. వాచ్‌మన్ గదిలో స్క్రీన్ ఒక్కటి చాలు.

సెల్లార్‌లో జంక్షన్ బాక్సులు, ప్లగ్గులు వీలైనంత పైన, కప్పుకు దగ్గరగా. గుర్తించిన నీటి మరక కంటే కనీసం అర మీటరు ఎత్తులో ఉండాలి. సెల్లార్ లైట్లు, ప్లగ్గులకు విడిగా ఒక ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్) పెట్టించండి. నీళ్లొస్తే అది దించితే చాలు, పై కెమెరాలు నడుస్తూనే ఉంటాయి.

రికార్డర్ పెట్టే అల్మరాకు గాలి ఆడాలి, తాళం ఉండాలి, వెనక మనిషి చెయ్యి పెట్టేంత జాగా ఉండాలి. మెట్ల కింద ఎలక్ట్రికల్ గదిలో మూలకు నెట్టి పెట్టిన రికార్డర్‌ను విప్పాలంటే ముందు పాత ట్యూబ్‌లైట్లు, పెయింట్ డబ్బాలు బయట పడేయాలి. ఆ గది ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటుంది.

5. కేబుల్, పైపులు: డబ్బు మిగుల్చుకోకూడని చోటు

కెమెరా అయిదేళ్లకు మారుస్తాం. కేబుల్ పదిహేనేళ్లు ఉండాలి. కాబట్టి బడ్జెట్ తగ్గించాల్సి వస్తే రెండు కెమెరాలు తగ్గించండి, కేబుల్ నాణ్యత తగ్గించకండి.

స్వచ్ఛమైన రాగి క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబుల్ తీసుకోండి. అల్యూమినియం మీద రాగి పూత వేసింది సగం ధరకే వస్తుంది. బ్లేడుతో తీగను గీకి చూడండి, లోపల వెండి రంగు కనిపిస్తే తిప్పి పంపేయండి. దాంట్లో కరెంటు మధ్యలోనే తగ్గిపోయి, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగే సమయానికి కెమెరా ఆగి ఆగి మొదలవుతుంది. పగలు చూస్తే బాగానే ఉంటుంది. అందుకే ఈ జబ్బు తొందరగా దొరకదు.

స్విచ్ నుంచి కెమెరాకు కేబుల్ పొడవు 100 మీటర్లు దాటకూడదు. దాటితే మధ్యలో స్విచ్ పెట్టడం కంటే ఫైబర్ (వెలుగు ద్వారా సంకేతం పంపే గాజు తీగ) మంచిది. రెండు బ్లాకుల మధ్య ఎంత దగ్గరైనా ఫైబరే వేయించండి. పిడుగు పడినప్పుడు రాగి తీగ ద్వారా ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకు వచ్చే దెబ్బ ఫైబర్‌లో రాదు.

పైపుల విషయంలో:

- పైపు సగానికి మించి కేబుళ్లతో నింపకండి. ప్రతి పైపులో ఒక నైలాన్ తాడు వదిలేయండి, రేపు ఇంకో కేబుల్ లాగాలంటే అదే ఆధారం.
- నేలకు మీటరు ఎత్తు వరకు జీఐ (జింక్ పూత వేసిన ఇనుము) పైపు. పందికొక్కులు పీవీసీని తేలిగ్గా కొరికేస్తాయి.
- మలుపులో ఎల్బో బదులు పెద్ద వంపు ఉన్న బెండ్. రెండు మలుపులకు ఒక పుల్ బాక్సు (తెరిచి కేబుల్ లాగే పెట్టె).
- కరెంటు తీగలూ కెమెరా కేబుళ్లూ ఒకే పైపులో వేయొద్దు.
- పైపు నోళ్లు మూసేయండి. తెరిచి ఉంచితే కుమ్మరి పురుగులు మట్టి పెట్టేస్తాయి, చీమలు చేరతాయి.

ఎండ తగిలే చోట బయటి వాడకానికి చేసిన నల్ల కేబుల్ కావాలి. లోపలి వాడకం కేబుల్ పై తొడుగు ఎండకు పెళుసై రాలిపోతుంది.

కెమెరా తోకలాంటి తీగ, ప్లగ్గు గాల్లో వేలాడుతూ ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంటే ఆ పని ఒప్పుకోకండి. ప్రతి కెమెరా వెనక వాటర్‌ప్రూఫ్ జంక్షన్ బాక్సు, దాని కేబుల్ రంధ్రం కింది వైపుకు, బాక్సులోకి పోయేముందు కేబుల్ కాస్త కిందికి వంగి పైకెక్కాలి. నీటి చుక్క ఆ వంపు దగ్గరే కిందికి జారిపోతుంది. బాక్సులో అడుగు పొడవు కేబుల్ అదనంగా చుట్టి ఉంచితే ప్లగ్గు పాడైనప్పుడు కోసి కొత్తది వేసుకోవచ్చు.

రెండు చివర్లా నంబర్ ట్యాగ్. మార్కర్‌తో రాసింది ఏడాదికి చెరిగిపోతుంది, ప్రింట్ చేసిన ప్లాస్టిక్ ఫెర్రూల్ తొడిగించండి.

6. కరెంటు, యూపీఎస్, ఎర్తింగ్

కెమెరాలన్నీ ఒకే పీవోఈ స్విచ్ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపేది) నుంచి నడవాలి. స్తంభానికో అడాప్టర్ పెడితే చెడిపోయే వస్తువులు రెట్టింపు అవుతాయి. స్విచ్ మొత్తం వాట్లలో 70 శాతం దాటి వాడకండి, రెండు పోర్టులు ఖాళీగా ఉంచండి.

యూపీఎస్ లెక్క ఇలా: 12 కెమెరాలు ఒక్కోటి 8 వాట్లు అంటే 96. స్విచ్, రికార్డర్ కలిపి ఇంకో 60 అనుకుంటే మొత్తం సుమారు 160 వాట్లు. రెండు గంటలకు 320 వాట్ అవర్లు. నష్టాలు, బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకపోవడం లెక్కేస్తే రెట్టింపు, అంటే 640. 12 వోల్టుల మీద సుమారు 53 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) వస్తుంది, 65 ఏహెచ్ బ్యాటరీ తీసుకోండి.

ఇంట్లో వాడే ఇన్వర్టరే పెడుతుంటే దాని స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌లో ఉంచండి. లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ రికార్డర్ ఆగి మళ్లీ మొదలవుతుంది, డిస్కు ఆయుష్షు తగ్గుతుంది. సీల్డ్ బ్యాటరీలకు 25 డిగ్రీలు సుఖం. అంతకుమించి ప్రతి 8, 10 డిగ్రీలకు ఆయుష్షు సగానికి పడిపోతుంది. టెర్రస్ మీది రేకుల గదిలో పెట్టొద్దని చెప్పేది అందుకే.

మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా పెరిగే వోల్టేజీ నుంచి కాపాడేది), బయటి స్తంభాల కేబుళ్లకు విడిగా సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించండి. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే ఇవి రెండూ అలంకారమే. మొగల్రాజపురం కొండ వైపు రాయి తగిలి ఎర్త్ పిట్ లోతుగా పోదు. అలాంటప్పుడు రెండు పిట్లు దూరందూరంగా వేసి కలపమనండి. పని అయ్యాక మీటరుతో కొలిచి ఎన్ని ఓమ్‌లు వచ్చిందో రాయించుకోండి. ఏటా ఎండాకాలంలో అదే కొలత మళ్లీ తీస్తే నేల ఎండిపోయిందో లేదో తెలుస్తుంది.

7. ఎన్ని రోజుల రికార్డింగ్?

2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చట్టం కిందికి వచ్చే షాపింగ్ కాంప్లెక్సులు, ఆస్పత్రుల లాంటి చోట్ల 30 రోజుల ఫుటేజ్ దాచాలి. అపార్ట్‌మెంట్లు కూడా అదే లెక్క పెట్టుకోవడం మంచిది. ఊరెళ్లి వచ్చిన వాళ్లు కారు గీత చూసి అడిగేది ఇరవై రోజుల తర్వాతే.

కెమెరా పంపే డేటా సెకనుకు 3 మెగాబిట్లు (ఎంబీపీఎస్) అనుకుంటే రోజుకు 32.4 జీబీ. 12 కెమెరాలకు సుమారు 389 జీబీ, 30 రోజులకు 11.7 టీబీ. రెండు 8 టీబీ డిస్కులు వేస్తే దాదాపు 41 రోజులు వస్తుంది. ఆ పది రోజుల మిగులు అవసరం. వాన రాత్రుల్లో చిత్రంలో కదలిక ఎక్కువై ఆ డేటా (బిట్‌రేట్) పెరుగుతుంది. డిస్కులు సీసీటీవీ వాడకానికి చేసినవే కావాలి, పాత కంప్యూటర్‌లోంచి తీసింది వద్దు.

8. వెలుతురు

కెమెరా మార్చడం కంటే లైటు మార్చడం చవక. సెల్లార్‌లో లైట్లు కెమెరా వెనక నుంచి గానీ, పక్క నుంచి గానీ పడాలి. ర్యాంపు చివర కెమెరా బయటి ఎండను చూస్తుంటే మనుషులు నల్ల బొమ్మల్లా వస్తారు. అక్కడ వెలుగునూ నీడనూ ఒకేసారి సర్దుకునే డబ్ల్యూడీఆర్ 120 డీబీ ఉన్న కెమెరా పెట్టండి, లేదా దాన్ని తిప్పి లోపలి వైపు చూసేలా బిగించండి. ఫిట్టింగులన్నీ ఒకే రకం, ఒకే వాటేజ్ ఉంటే స్టోర్‌లో రెండు పెట్టుకుంటే సరిపోతుంది.

9. బూమ్ బారియర్

గేటు దగ్గర పైకి లేచి, కిందికి దిగే కర్ర ఇది. కదిలే భాగాలున్నది ఇదొక్కటే, కాబట్టి ఎక్కువ చెడిపోయేదీ ఇదే.

- కరెంటు లేకపోయినా చేత్తో ఎత్తే తాళం ఉండాలి, దాని చెవి వాచ్‌మన్ దగ్గర ఉండాలి. నెలకోసారి అతనితోనే ఎత్తించి చూడండి.
- బండి కింద ఉండగా కర్ర దిగకుండా నేలలో లూప్ (బండిని పసిగట్టే తీగ చుట్ట), పక్కన ఫొటోసెల్ (అడ్డొస్తే పసిగట్టే వెలుతురు సెన్సర్) రెండూ పెట్టించండి.
- లూప్ తీగ ఎక్కడుందో నేల మీద రంగు గీత వేయించండి. టైల్స్ మార్చేవాళ్లు మొదట కోసేది దాన్నే.
- యంత్రం ఉండే డబ్బాకు నేల మీద అడుగు ఎత్తు సిమెంటు దిమ్మె.
- కర్ర విరిగితే దొరికే మామూలు సైజేనా అడగండి.

ఫాస్టాగ్ చదివే రీడర్ పెట్టుకుంటే విడిగా కార్డుల బెడద ఉండదు. అయినా అతిథుల కోసం వాచ్‌మన్ నొక్కే బటన్ ఒకటి ఉండాల్సిందే.

10. ఒకే మోడల్, ఒకే ఫైల్

పన్నెండు కెమెరాలకు పన్నెండు మోడళ్లు వద్దు. రెండు మోడళ్లలో సర్దండి, ఒక్కోటి ఒకటి అదనంగా కొని బీరువాలో పెట్టండి. ఓన్‌విఫ్ (వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేసే ప్రమాణం) పనిచేసే కెమెరాలైతే రేపు రికార్డర్ కంపెనీ మార్చినా ఇబ్బంది ఉండదు. 2025 ఏప్రిల్ నుంచి సీసీటీవీలకు కేంద్ర ప్రభుత్వ భద్రతా పరీక్ష తప్పనిసరి అయింది, బిల్లుతో పాటు ఎస్‌టీక్యూసీ (పరీక్షలు చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) సర్టిఫికెట్ వివరం అడగండి.

పాస్‌వర్డ్ కాంట్రాక్టర్ దగ్గర మాత్రమే ఉంటే సిస్టమ్ అతనిదే. అడ్మిన్ పాస్‌వర్డ్ సెక్రటరీ దగ్గర సీలు కవరులో ఉండాలి, కాంట్రాక్టర్‌కు, వాచ్‌మన్‌కు వేరే లాగిన్లు. కమిటీ మారిన రోజే పాస్‌వర్డ్ మార్చండి.

ఫైల్లో ఉండాల్సినవి: కెమెరా నంబర్లతో ప్లాన్, పైపులు పోయే దారి ఫొటోలు (గోడ పూడ్చకముందు తీసినవి), ఐపీ చిరునామాలు, బిల్లులు, వారంటీ తేదీలు, ప్రతి కెమెరా పగలు, రాత్రి తీసిన ఒక్కో చిత్రం. ఆరు నెలల తర్వాత కెమెరా పక్కకు తిరిగిందో లేదో చెప్పేది ఆ చిత్రమే.

11. అప్పగించుకునే రోజు

చివరి బిల్లు ఇచ్చేముందు ఇవన్నీ మీ కళ్ల ముందు చేయించండి.

- మెయిన్ స్విచ్ దించి అరగంట ఆగండి, రికార్డింగ్ తెగిందా చూడండి
- రాత్రి హెడ్‌లైట్లతో కారు తెప్పించి ప్లేటు చదవండి
- బయటి జంక్షన్ బాక్సుల మీద పైపుతో నీళ్లు కొట్టి, విప్పి చూడండి
- నిన్నటి పది నిమిషాల ఫుటేజ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి సెక్రటరీతోనే తీయించండి
- ఒక కెమెరాను విప్పి, స్పేర్ బిగించి, ఎంతసేపు పట్టిందో చూడండి

ఫుటేజ్ తీయడం భవనంలో ఒకరికైనా రావాలి. పోలీసులకు, కోర్టుకు ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) కావాలి. రికార్డర్‌లో టైము తప్పుగా ఉంటే ఆ ఫుటేజ్ మీద అక్కడే ప్రశ్నలు మొదలవుతాయి.

12. ఏడాది పొడవునా ఏం చేయాలి

వారానికోసారి వాచ్‌మన్ స్క్రీన్ చూసి పన్నెండు చిత్రాలూ వస్తున్నాయా టిక్కు పెడితే చాలు.

నెలకోసారి మెత్తటి గుడ్డతో లెన్సులు తుడవాలి, సాలెగూళ్లు తీయాలి, 30 రోజుల కిందటి ఫుటేజ్ ఉందో లేదో తెరిచి చూడాలి.

మే చివర, మృగశిర కార్తె వానలకు ముందు: జంక్షన్ బాక్సుల రబ్బర్లు, ఎర్తింగ్ కొలత, చెట్ల కొమ్మలు, సెల్లార్ నీటి మోటారు. అక్టోబర్ మొదట్లో, తుపానుల కాలానికి ముందు స్తంభాల బోల్టులు, బూమ్ బారియర్ స్ప్రింగ్. జనవరిలో యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో పరీక్ష, రికార్డర్ ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్).

13. తరచూ వచ్చే చిక్కులు

రాత్రి మాత్రమే కెమెరా పోతోంది: కేబుల్‌లో గానీ ప్లగ్గులో గానీ కరెంటు చాలడం లేదు. ముందు రెండు చివర్లా ప్లగ్గులు కొత్తవి వేసి చూడండి.

రాత్రి తెల్లటి గీతలు ఊగుతున్నాయి: సాలెపురుగు. ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకు పురుగులొస్తాయి, వాటికోసం ఇది గూడు కడుతుంది. మళ్లీమళ్లీ వస్తే కెమెరా ఇన్‌ఫ్రారెడ్ ఆపేసి, రెండు మీటర్ల దూరంలో విడిగా లైటు పెట్టండి.

కరెంటు పోయొచ్చాక తేదీ పాతదైపోతోంది: రికార్డర్ లోపలి బటన్ బ్యాటరీ అయిపోయింది. అది మార్చి, ఇంటర్నెట్ ఉంటే టైము తనంతట తాను సరిదిద్దుకునేలా ఎన్‌టీపీ పెట్టండి.

ఒకే వైపు మూడు నాలుగు కెమెరాలు ఒకేసారి పోయాయి: కెమెరాలు విప్పకండి. ఆ వైపు పైపు, పుల్ బాక్సు చూడండి. చాలావరకు నీళ్లో, పందికొక్కో.

లెన్సు లోపల ఆవిరి: గ్లాండు (కేబుల్ లోపలికి పోయేచోట బిగించే మూత) బిగించలేదు. ఎండ ఉన్న పూట విప్పి ఆరబెట్టి, సిలికా జెల్ సంచి వేసి, రబ్బరు మార్చి బిగించండి.

14. ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కాగితంలో రాయించాల్సినవి

‘సంవత్సరానికి నాలుగు విజిట్లు’ అని మాత్రమే రాస్తే వచ్చి సంతకం పెట్టించుకుని వెళ్తారు. విజిట్‌లో ఏ పనులు చేయాలో పైన చెప్పిన పట్టికలోంచి రాయించండి. ఫోన్ చేశాక ఎన్ని గంటల్లో రావాలి, స్పేర్ల ధర ఎవరిది, నిచ్చెన ఎవరిది, ఒప్పందం ముగిసినప్పుడు పాస్‌వర్డ్‌లు, సెట్టింగుల బ్యాకప్ అప్పగించాలని కూడా. మూడు నెలలకోసారి డబ్బు ఇచ్చే పద్ధతి పెట్టుకోండి, ఏడాది మొత్తం ముందే ఇవ్వొద్దు.